ఆకు లేని పచ్చ

మా ఊళ్ళో తయారయ్యే గుడ్డకు రంగు ఉండదు. భివండీలో మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. సాంచ మీద నుంచి దిగిన గుడ్డ చుట్టను తాకా అంటారు, అందులో ఉన్న గుడ్డను గ్రే అంటారు. గ్రే అంటే బూడిద రంగు అని కాదు, ఇంకా రంగుకు పోని గుడ్డ అని. చూడటానికి గంజినీళ్ళలా ఉంటుంది. రంగులూ పువ్వులూ అద్దకాలూ అన్నీ మా దగ్గర నుంచి వెళ్ళిపోయాకే దాని మీద పడతాయి. కాశేలిలో ఒక గోదాములో నా పని ఆ గ్రేను చూడటం. కింద ట్యూబులైటు వెలిగే గాజు బల్ల మీద గుడ్డ జారుతూ పోతుంటుంది. పోగు తెగిన చోట, నూనె మరక అంటిన చోట సుద్దతో గీత పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా పెడుతున్నాను. నా కంటి నుంచి తప్పు తప్పించుకోలేదని గోదాములో పేరు. ఆ పేరు నాకు కొంచెం నెత్తికెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కెమెరా పిచ్చి నలభై దాటాక పట్టింది. పెళ్ళి చేసుకోలేదు, అది వేరే కథ. నార్పోలిలో రెండు గదుల ఇల్లు, ఇంట్లో నేనూ మా బాపూ. అవ్వ, అంటే మా అమ్మ, పోయి చాలా ఏళ్ళయింది. ఆదివారం వచ్చిందంటే ఏం చేయాలో తోచేది కాదు. నిజాంపురాలో పాత కెమెరాలు బాగుచేసి అమ్మే దుకాణం ఒకటి ఉంటే అక్కడ ఒకటి కొనుక్కున్నాను. ఠాణాలో రిటైరైన ఒక మాస్టారు ఆదివారాలు పదిమందిని వెంటేసుకుని అడవులకు తీసుకెళ్ళి ఫొటోలు తీయడం నేర్పేవారు. ఆయన మరాఠీలో చెప్పే మాటలు నాకు వేదం. రంగు కన్నును మోసం చేస్తుంది, రంగు తీసేస్తే వస్తువు నిజ స్వరూపం బయటపడుతుంది అనేవారు. నాకు చెవిలో తేనె పోసినట్టయింది. జీవితమంతా రంగు లేని గుడ్డ చూసినదాన్ని కదా, ఈ విద్య నాకోసమే పుట్టిందనుకున్నాను.

అప్పటి నుంచి కెమెరాను నలుపు తెలుపులోనే పెట్టి ఉంచాను. అలా పెడితే వెనకాల ఉండే చిన్న తెర మీద కూడా అంతా నలుపు తెలుపుగానే కనిపిస్తుంది. కార్డులో జాగా కలిసివస్తుందని చిన్న ఫైలు మాత్రమే ఉంచుకునేదాన్ని. పెద్ద ఫైలు ఉంచుకుంటే రంగు తర్వాతైనా దొరుకుతుందనీ, చిన్నదాంట్లో ఒకసారి పోయిన రంగు ఇక పోయినట్టేననీ మాస్టారు ముందే చెప్పారు. పోతే పోనీ అనుకున్నాను. రంగుల ఫొటోలు తీసేవాళ్ళను చూస్తే క్యాలెండర్లు అచ్చు వేసుకునేవాళ్ళలా కనిపించేవారు. అంత పొగరు.

ఆ ఆదివారం వినాయక చవితికి రెండు వారాల ముందు. వజ్రేశ్వరి దాటాక బస్సు దిగి అడవిలోకి నడిచాం. రాత్రంతా కురిసి తెరిపిచ్చింది. నేను ఎప్పటిలాగే వెనకబడ్డాను. వాగు దాటాక మొసలి వీపులాంటి బెరడు ఉన్న చెట్లు వరుసగా ఉన్నాయి. అక్కడివాళ్ళు ఐన్ అంటారు, మావాళ్ళు మద్ది అంటారు. మూడో చెట్టు కింద బాట మీద మిరియాలకన్నా లావుగా నల్లటి గుళికలు రాలి ఉన్నాయి. తల ఎత్తి చూస్తే అందేంత ఎత్తులో ఒక కొమ్మ, దాని మీద రెండు పురుగులు.

గొంగళి పురుగు అంటే వేలి గోరంత ఉండేదే నాకు తెలుసు. ఇవి ఒక్కొక్కటి నా బొటనవేలికన్నా లావు, జానెడుకు కొంచెం తక్కువ. ఒళ్ళంతా మడతలు, మడత మడతకూ బుడిపె. పక్కల మీద అద్దం బిళ్ళల్లాంటి మచ్చలు తళుక్కుమంటున్నాయి. అలికిడికి ఒకటి తలా ముందరి కాళ్ళూ పైకెత్తి, దండం పెట్టినట్టు, కదలకుండా నిలబడిపోయింది. నేను వెంటనే కెమెరా ఎత్తాను. తెరలో చూశాక తెలిసింది, రెండూ ఒక్కలా లేవు. ఒకటి ముదురు, ఒకటి లేత. గోదాములో దీన్ని షేడ్ తేడా అంటాం. ఒకే తాకాలో ఒక చోట నూలు మారితే ఇలాగే కనిపిస్తుంది. దండం పెట్టినది ఆ లేతది.

ఎంతసేపు తీశానో తెలియదు. వెలుతురు కోసం ఇటు జరిగాను, అటు వంగాను, బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముందు వెళ్ళినవాళ్ళు పిలుస్తుంటే పలకలేదు. పలికితే అందరూ వచ్చి పడతారు, అందరి కెమెరాల్లోనూ అదే పురుగు ఉంటుంది. ఇది నాది అనుకున్నాను. ఒక్కరినైనా పిలిచి ఉంటే ఆ ఒక్కరికైనా గుర్తుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

మర్నాడు నిజాంపురాలో ఒక స్టూడియోలో ఆ ఫొటోను పెద్దది చేయించాను. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది. ఇప్పటికీ నేను తీసినవాటిలో అదే మంచిది. సాయంత్రం ఇంటికి రాగానే బాపు ముందు పెట్టాను.

బాపు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన ఇరవై ఏళ్ళప్పుడు కరీంనగరం దిక్కు నుంచి భివండీ వచ్చి నలభై ఏళ్ళకు పైగా సాంచ నడిపాడు. ఒక్కో షెడ్డులో ముప్పై నలభై సాంచలు ఒకేసారి కొట్టుకుంటుంటే చెవులు మిగలవు. పని మానేసేసరికి ఆయనకు దాదాపు వినపడకుండా పోయింది. చెవికి మెషీను పెట్టిస్తే అందులో మళ్ళీ సాంచ చప్పుడే వస్తుందని తీసి పారేశాడు. అందుకని మా ఇంట్లో మాట అంటే ఒకటే మాట. పొడుగు వాక్యాలు చెప్పి లాభం లేదు. ఆయన ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా, గట్టిగా ఒక్క మాట అనాలి. బువ్వ. మందు. వాన. తొందర. బయటివాళ్ళు వింటే తండ్రీకూతుళ్ళు కొట్లాడుకుంటున్నారనుకునేవారు.

బాపు ఫొటో చేతిలోకి తీసుకోగానే కళ్ళద్దాల కోసం తడుముకున్నాడు. పెట్టుకుని, దీపం కిందికి వెళ్ళి నిలబడి చూశాడు. తర్వాత కూర్చుని మళ్ళీ చూశాడు. నా ఫొటోలు ఆయన ఎప్పుడూ అంతసేపు చూడలేదు. సాధారణంగా మంచిగుందని చెప్పి పక్కన పెట్టేవాడు.

“ఇది దసలి పురుగు బిడ్డా,” అన్నాడు. “పట్టుది. మా అవ్వ పెంచేది.”

నాకు అంతవరకూ దాని పేరు కూడా తెలియదు. బాపు ఫొటోను అటూ ఇటూ తిప్పాడు, వెనక్కి తిప్పి తెల్ల కాగితం చూశాడు.

“గ్రే ఉన్నది గదా ఇది. రంగుకియ్యలేదా ఇంక?”

నవ్వాను. గుడ్డ రంగుకు పోయినట్టు ఫొటో కూడా పోతుందని ఆయన అనుకున్నాడు. మా ఊరివాడు తప్ప ఇంకెవరూ అనుకోని మాట అది. పోదు అని చేయి తిప్పి చెప్పాను. ఆయన నవ్వలేదు.

“మరి నువ్వు చూసినవు గదా. గీ తలెత్తినదాని రంగేంది?”

నాకు తెలియదు. ఆ పురుగు ముందు అరగంటకు పైగా ఉన్నాను, దాని ఒంటి మీద వెంట్రుకలు లెక్కపెట్టగలను, కానీ రంగు తెలియదు. మొదట తల ఎత్తి చూసిన క్షణంలో కంటికి కనిపించే ఉంటుంది. కెమెరా ఎత్తడానికి పట్టిన ఆ కాస్త వ్యవధిలో నేను చూసింది దాని సైజు, అద్దం బిళ్ళలు. ఆ తర్వాత చూసిందంతా తెరలోనే. ఎంత గుర్తు తెచ్చుకున్నా నలుపు తెలుపు పురుగే వస్తోంది.

చూడలేదు బాపూ అంటే అయిపోయేది. అనలేకపోయాను. తాకాలో ఒక్క పోగు తప్పితే పట్టేసే కన్ను నాది. ఆ కన్ను నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి చూడటం నేర్పింది బాపే. ఆయన ముందు చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. గొంగళి పురుగులు ఆకుల మీద ఉంటాయి, ఆకుల రంగులోనే ఉంటాయి, ఇందులో పెద్ద లోతేముంది అనుకుని గట్టిగా ఒక్క మాట అన్నాను.

“పచ్చ.”

బాపు మొహం మారిపోయింది. ఫొటోను రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నాకు అర్థం కాలేదు. పచ్చటి పురుగును కళ్ళకద్దుకోవడం ఏమిటి?

అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. నేను మరాఠీ బడిలో చదివాను. చెట్టు రంగును, సిగ్నల్ దీపం రంగును, కొత్తిమీర రంగును నేను పచ్చ అనే అంటాను. బాపు తరం వాళ్ళకు పచ్చ అంటే పసుపు కొమ్ము రంగు. చెట్టు రంగు కావాలంటే ముందు ఆకు తగిలించి ఆకుపచ్చ అనాల్సిందే. నాకు తెలుసు ఆ తేడా, తెలియక కాదు. చెవిటి మనిషికి ఒక్క మాటే చెప్పాలి కదా అని ఆకు వదిలేశాను.

ఆ తర్వాత బాపు చెప్పిన సంగతి నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆయనకు పదేళ్ళున్నప్పుడు మా నాయినమ్మ ఒక ఏడు గోదారి దిక్కు అడవిలో మద్ది చెట్ల మీద దసలి పురుగులు పెంచింది. కాకులూ కందిరీగలూ పురుగులను ఎత్తుకుపోకుండా చూడటం బాపు పని. పొద్దంతా చెట్ల కింద తిరుగుతూ వడిసెల తిప్పేవాడు. పురుగులన్నీ ఆకుపచ్చగానే ఉంటాయట. ఎప్పుడో వేలల్లో ఒకటి పచ్చటిది వస్తుందట. దాన్ని నాయినమ్మ ఆడబిడ్డ పురుగు అనేది. పట్టు తీయాలంటే గూళ్ళను ఉడకబెట్టాలి, లోపలి పురుగు చచ్చిపోతుంది. ఆడబిడ్డ పురుగు గూడును మాత్రం ఉడకబెట్టకూడదు. ఇంటి ఆడబిడ్డను ఎవరైనా ఉడకబెట్టుకుంటారా, సాగనంపుతారు గానీ, అనేదట. గూడు కట్టేశాక ఏది ఎవరిదో తేడా తెలియదు కాబట్టి, పురుగు గూడు అల్లడం మొదలుపెట్టిన రోజునే దాని కొమ్మకు ఒక నూలు పోగు కట్టి గుర్తు పెట్టాలి. ఆ గూడు చెట్టు మీదే ఉండిపోవాలి.

ఆ ఏడు ఒక పచ్చ పురుగు వచ్చింది. పోగు కట్టమని నాయినమ్మ బాపుకు చెప్పింది. ఆయన ఆటలో పడి మరిచిపోయాడు. రెండు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే అన్నీ గూళ్ళే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇంటికి వచ్చాడు.

“పోగు కట్టినవారా అని అడిగింది అవ్వ. కట్టిన అని చెప్పిన. కట్టలె బిడ్డా.”

గూళ్ళన్నీ కోశారు, ఉడకబెట్టారు. ఆ చలికాలంలోనే బాపు చెల్లె, నాలుగేళ్ళ పిల్ల, జ్వరం వచ్చి పోయింది. ఎవరూ దానికీ దీనికీ ముడిపెట్టలేదు, పెట్టడానికి ఎవరికీ తెలియదు. బాపు ఒక్కడే పెట్టుకున్నాడు. నాయినమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పలేకపోయాడు. మా అవ్వకూ చెప్పలేదు. అరవై ఏళ్ళు దాటాక, నార్పోలి గదిలో, నా ఫొటో ఒడిలో పెట్టుకుని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఆ జాతి ఇంకా బతికే ఉన్నదన్నాడు. నేను తీసుకొచ్చిన వార్త ఎంత పెద్దదో నాకు తెలియదన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. బాపూ, నేనన్నది ఆకుపచ్చ అని కూడా కాదు, నేను అసలు చూడనే లేదు అని. ఆయన మొహంలో ఆ వెలుగును ఆర్పడానికి మనసు రాలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నా పరువు.

బాపు ఫొటోను మళ్ళీ దీపానికి ఎత్తి చూసి, ఆఖరి నిద్ర లేచింది ఇది, ఇంక పది పన్నెండు రోజుల్లో గూడు కడుతుంది, ఆలోపల నన్ను తీసుకపో అన్నాడు. పురుగు చర్మం విడిచే ముందు కదలకుండా ఉండటాన్ని వాళ్ళు నిద్ర అనేవారట. సరే అని తల ఊపాను. చోటు ఎక్కడో చెప్పమంటే నేల మీద వేలితో గీసి చూపించాను. బస్సు దిగే చోటు, చేతిపంపు, కాలిబాట, వాగు, వాగు దాటాక మూడో మద్ది. ఆయన ఆ గీతలను కళ్ళతో తాగేశాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

గోదాములో భోజనాల వేళ ఫోనులో వెతికాను. దసలి పురుగులు దాదాపు అన్నీ ఆకుపచ్చవే, పసుపుపచ్చవి ఎక్కడో ఒకటి అని ఉంది. ఫొటో పెద్దది చేసిన కుర్చీలాయనను అడిగాను. స్టూడియోలో ఎప్పుడూ కుర్చీ దిగడు కాబట్టి నేను పెట్టిన పేరది. పసుపు రంగు నలుపు తెలుపులో లేతగానే పడుతుంది అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎండ పడితే ఆకుపచ్చ కూడా లేతగానే పడుతుంది అని కూడా అన్నాడు. లేచి వచ్చిన ప్రాణం కూర్చుండిపోయింది.

మరి తీసుకెళ్తే ఏమవుతుంది? ఆకుపచ్చ పురుగు కనిపిస్తుంది. నా అబద్ధం బయటపడుతుంది, దాంతోపాటు ఆయన ఆశ కూడా. తీసుకెళ్ళకపోతే పురుగు గూడు కట్టుకుంటుంది, అన్ని గూళ్ళూ ఒక్కటే. ఎవరికీ ఏమీ తెలియదు. ఇది ఆలోచించి చేశానని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆలోచించే చేశాను. మొదటి ఆదివారం వాన అన్నాను. వాన పడ్డ మాట నిజమే, బస్సులు ఆగలేదన్న మాట కూడా నిజమే. తర్వాతి ఆదివారం తప్పకుండా అన్నాను. అప్పటికి పద్నాలుగు రోజులవుతుంది. బాపు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

పదకొండో రోజు గురువారం. నేను గోదాము నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. పక్కింటివాళ్ళను అడిగితే పొద్దున్నే గొడుగు పట్టుకుని ఎస్టీ బస్సుల స్టాండు దిక్కు పోయాడన్నారు. వినపడని మనిషి, డెబ్బై దాటిన మనిషి, ఆ లారీల రోడ్డు మీద. స్టాండుకు పోదామని చెప్పుల్లో కాలు పెట్టానో లేదో, గల్లీ మొగదల్లో కనిపించాడు. మోకాళ్ళ దాకా బురద, తడిసిన చొక్కా, చేతిలో గొడుగు ముడిచే ఉంది. ఇంట్లోకి రాగానే అరిచాను. భయమంతా కోపంగా వచ్చింది. ఒక్కనివి ఎట్ల పోయినవు, ఏమన్నా అయితే ఎవరు చూస్తరు అని ఇంకా ఏమేమో అన్నాను. అదంతా ఆయనకు వినపడలేదు. నేను అరవడం అయ్యేదాకా నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

“చూసిన బిడ్డా,” అన్నాడు. “గూడు అల్లుతున్నది. పచ్చగనే ఉంది.”

నేను చూపు తిప్పుకుని స్నానానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను. అన్నం తింటున్నప్పుడు ఒకసారి తల ఎత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపు చూశాడు. ఏ పచ్చ బాపూ అని అడగాలి. రెండు మాటలు, చెవిటి మనిషికి కూడా వినపడే మాటలు. అడిగితే, నువ్వు చూసినవు గదా, నీకు తెల్వదా అంటాడు. అందుకని అడగలేదు. పచ్చిమిరపకాయ తీసి పక్కన పెట్టి, పెరుగు వడ్డించాను.

ఆ రాత్రి నుంచి ఎన్ని విధాలుగా ఆలోచించానో. నిజంగానే పసుపుపచ్చ పురుగును చూశాడా? చూస్తే అంత నెమ్మదిగా చెప్పేవాడా, ఫొటోనే కళ్ళకద్దుకున్న మనిషి? లేక ఆకుపచ్చ పురుగును చూసి, కూతురు చూడకుండానే చెప్పిందని గ్రహించి, నా మాటను నాకే తిరిగి ఇచ్చాడా? కట్టని పోగును కట్టానని చెప్పిన మనిషికి, చూడని రంగును చూశానన్న కూతురి మొహం చదవడం ఎంతసేపు? పురుగు ఆకుపచ్చదైనా ఆ మాట అబద్ధం కాదు, పసుపుపచ్చదైనా అబద్ధం కాదు. ఎటు తిప్పినా నాకు దెబ్బ తగలని మాట ఏరి తెచ్చాడేమో అనిపిస్తుంది. ఒక్కోసారి ఇదంతా నా పైత్యమే, ఉన్నది ఉన్నట్టే చెప్పాడు అనిపిస్తుంది.

అడగడానికి నాకు తొమ్మిది నెలల సమయం దొరికింది. ప్రతి రోజూ ఎదురుగా కూర్చుని బువ్వ, మందు, చలి అని అరిచాను. ఆ ఒక్క మాట అరవలేదు. ఆ ఫొటోను ఠాణాలో ఒక లైబ్రరీ హాల్లో పెట్టారు, మాస్టారు పదిమంది ముందు నన్ను మెచ్చుకున్నారు, రంగు లేకపోవడం వల్లే ఇందులో జీవం ఉందన్నారు. బాపు కూడా వచ్చాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే చూసి తనూ కొట్టాడు. ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం నిద్రలో బాపు పోయాడు.

వానలు పడ్డాక నేను ఒక్కదాన్నే వజ్రేశ్వరి బస్సెక్కాను. కెమెరా ఇంట్లోనే వదిలేశాను. చేతిపంపు, కాలిబాట, వాగు, మూడో మద్ది. వేలితో నేల మీద గీసిన బాటలోనే నడుస్తున్నానని, ఆయనా ఇలాగే నడిచాడని తెలుస్తూనే ఉంది. ఆ కొమ్మ మీద పురుగులేమీ లేవు. ఆకుల మధ్య రెండు పాత గూళ్ళు తొడిమలతో వేలాడుతున్నాయి. కోడిగుడ్డంత ఉన్నాయి, రెండూ ఒకే మట్టి రంగు. రెండింటికీ పైన చిల్లు పడి ఉంది, సీతాకోకలు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

వాటిలో ఒకదాని కొమ్మకు మాత్రం నూలు పోగు కట్టి ఉంది. ముడి చూడగానే పోల్చాను. సాంచ మీద తెగిన పోగును అతికే ముడి, లాగినకొద్దీ బిగుసుకునేది, చిన్నప్పుడు నా జడ రిబ్బనుకు కూడా బాపు అదే వేసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే నూలు ఉండలోంచి తెంపి ఉంటాడు. ఏడాది వానకు నానినా ముడి వదలలేదు. అది కూడా గ్రే నూలే, రంగు పడనిది.

ఒకదానికే కట్టాడంటే రెండింటికీ తేడా చూశాడన్నమాట. ఆడబిడ్డను గుర్తుపట్టి కట్టాడన్నమాట. అలా అనుకుని ఒక నిమిషం సంతోషపడ్డాను. రెండో నిమిషంలో, ఏ రంగు పురుగుకైనా సరే ఒకసారి పోగు కట్టి వాళ్ళ అవ్వకు పడ్డ బాకీ తీర్చుకుందామని కట్టి ఉండొచ్చు గదా అనిపించింది. చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ మనిషి పక్కనే తొమ్మిది నెలలు అన్నం తిని, నేను పెరుగు వడ్డించాను.

ముడిని ముట్టుకోలేదు. చుట్టూ ఎవరూ లేరు. ఉన్నా ఆగేదాన్ని కాదనుకుంటాను. చెట్టుకు ఎదురుగా నిలబడి, మొహం కనబడేలా తల ఎత్తి, ఆయనకు వినపడేంత గట్టిగా అన్నాను.

“నేను చూడలె బాపూ.”